తెల్లచీరతో చేసిన చుక్క

సాలోమోను చేసే క్రిస్మస్ చుక్కలు గొప్ప పనితనం గలవని చెప్పడానికి లేదు. ఐదు కోణాల్లో ఒకటి ఎప్పుడూ కాస్త కుంటుతున్నట్టే ఉండేది. లోపల వెలిగించిన బల్బు నడిమధ్యన నిలవక ఒక పక్కకు ఒరిగేది. అందువల్ల ఒక కోణం మండుతున్నట్టూ, దాని ఎదుటిది ఆరిపోతున్నట్టూ కనిపించేది. అయినా తొంభైలలో, తూంకుంట దాటి శామీర్‌పేట వైపు సాగే కరీంనగర్ రోడ్డు పక్కన, రేకుల చర్చి ముందు పొడుగాటి వెదురు గడకు ఆ చుక్క వేలాడుతుంటే, డిసెంబరు వచ్చిందని బస్సుల్లో పోయేవాళ్లకు కూడా తెలిసేది. ఒక వస్తువు తన పని తాను చేస్తే చాలు, అందం తర్వాతి సంగతి అన్నది సాలోమోను నమ్మకం. ఆ నమ్మకంలో నిజం ఎంతో, లోపం ఎంతో ఆయన ఒక్కసారే తెలుసుకున్నాడు. తెలుసుకునేసరికి కత్తెర పని పూర్తయింది.

ఆయన గుడ్లు పొదిగించి కోడిపిల్లలను అమ్మే ఒక కేంద్రంలో పనివాడు. ఆ ప్రాంతమంతా కోళ్ల ఫారాలు, ద్రాక్ష తోటలు ఉన్న రోజులవి. అందరూ చెత్తకుప్పలో వేసేవి ఆయన సంచిలో ఇంటికి చేరేవి. కోడిపిల్లలకు వేసే టీకామందు సీసాల మీది అల్యూమినియం మూతలను సుత్తితో సాపు చేసి, దారానికి గుచ్చి గొలుసులు కట్టేవాడు. గుడ్ల అట్టలను నానబెట్టి, పిసికి, క్రీస్తు పుట్టిన పశువుల కొట్టం బొమ్మలో ఎద్దునూ గాడిదనూ చేసేవాడు. మేడ్చల్‌లో ఒక ఆసుపత్రి వెనక పారేసిన ఎక్స్‌రే ఫిల్ములను కడిగి చుక్కకు అద్దాలుగా అమర్చేవాడు. దగ్గరికి వెళ్లి చూసినవాళ్లకు ఆ అద్దాల్లో ఎవరివో పక్కటెముకలు లీలగా కనిపించేవి. పిల్లలు దానికి భయపడలేదు. అది ఎవరి ఎముకో అని పందేలు వేసుకునేవారు.

తూంకుంటలో కొత్తగా వెలసిన లేఅవుట్‌లో ఉండే సీతామహాలక్ష్మి అనే గోదావరి జిల్లా ఇల్లాలు, టేపు చిక్కుపడి పాడైన క్యాసెట్లను ఏటా ఆయన కోసం దాచి ఉంచేది. ఆ నల్లటి టేపును తోకలుగా కడితే గాలికి తళతళలాడేది. పండుగ ఆమెది కాదు. పాత సామాను ఎవరికో పనికొస్తుందన్న తృప్తి మాత్రం ఆమెది.

అయితే ఈ సేకరణలో పెద్ద చేయి సాలోమోనుది కాదు, ఆయన భార్య ఏసమ్మది. ఆమె ద్రాక్ష తోటల్లో కూలికి వెళ్లేది. పందిరి నుంచి ఊడిన సన్నతీగ, పండ్ల పెట్టెల్లో పరిచే పలుచని కాగితం, ఎవరింట్లోనో పెళ్లయ్యాక మిగిలిన శుభలేఖలు, పగిలిన గాజుల ముక్కలు, ఏది కంట పడినా కొంగున కట్టుకుని వచ్చి గోడలోని గూట్లో పెట్టేది. పెట్టానని చెప్పేది కాదు. సాలోమోను సాయంత్రం వచ్చి గూట్లోకి చూసేవాడు. వాళ్లిద్దరి మధ్య మాటలకంటే ఆ గూడే ఎక్కువ మాట్లాడిందని చెప్పినా తప్పు కాదు.

కొన్న వస్తువు ఏదీ చుక్కలో ఉండకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. చర్చి పెద్దల కూడికలో ఎవరైనా సికింద్రాబాద్ బజారులో మంచి చుక్కలు వస్తున్నాయని అంటే ఆయన దగ్గర ఒకే మాట సిద్ధంగా ఉండేది. “పశువుల కొట్టంల పుట్టినాయనకు దుకాణం సుక్క ఏంది?” మాట బాగానే ఉంది. కాని ఒక నియమాన్ని ఎక్కువ కాలం పాటించినవాడు, నియమానికీ తన గొప్పకూ మధ్య గీత ఎక్కడ చెరిగిపోయిందో గమనించడు. సాలోమోనూ గమనించలేదు.

రెండువేల సంవత్సరం దాటాక చుట్టూ చాలా మారింది. ద్రాక్ష తోటలు ప్లాట్లయ్యాయి. తుర్కపల్లి వైపు మందుల ప్రయోగశాలలు వచ్చాయి. చర్చికి రేకులు పోయి స్లాబు పడింది. గిడియోన్ అనే యువకుడు ఆ ప్రయోగశాలల్లో ఒకదానిలో ఉద్యోగం సంపాదించాడు. కంపెనీ కారులో వచ్చి రోడ్డు మీద దిగే అతణ్ని సంఘం తన పెద్దల్లో ఒకడిగా ఎన్నుకుంది. అతడు చెడ్డవాడు కాదు. సాలోమోనును పెదనాన్న వరస కట్టి పెద్దబాపు అని పిలిచేవాడు, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని కాగితం కత్తిరించి పెరిగినవాడే. కాని అంతకుముందు ఏడాది అకాలంగా వాన పడి, కాగితపు చుక్క పండుగకు ముందే తడిసి, కోణాలు వేలాడేసి, ముడుచుకున్న గొడుగులా అయిపోయింది. క్రిస్మస్ ఆరాధనకు వచ్చిన పక్క ఊరి సంఘం వాళ్లు దాన్ని చూసి నవ్వారు. అందుకని ఈసారి ప్లాస్టిక్ చుక్క కొందామని గిడియోన్ కూడికలో ప్రతిపాదించాడు. చాలామంది తలలూపారు.

సాలోమోను ఈ ఒక్క ఏడు తనకు వదిలేయమని అడిగాడు. వానకు చినగని చుక్క చేస్తానన్నాడు. పాస్టరుగారు ఇరుపక్కలా చూసి, సరే, ఈ ఏటి చుక్కను బట్టి వచ్చే ఏడు సంగతి తేలుద్దామన్నారు. బయటికి వచ్చాక గిడియోన్ ఆయన భుజం మీద చేయి వేసి, “పెద్దబాపు, గీసారి గూడ వానొస్తే నేనేం జెయ్యలేను మల్ల” అన్నాడు. అది బెదిరింపు కాదు, జాలి. జాలి కావడం వల్లనే సాలోమోనుకు అది ముల్లులా గుచ్చుకుంది.

వానకు చినగకూడదంటే గుడ్డ కావాలి. వెలుగు సాగాలంటే పలుచని తెల్లగుడ్డ కావాలి. ఐదు కోణాలనూ ముందూ వెనకా కప్పాలంటే అతుకులేని పెద్ద గుడ్డ కావాలి. ఇంట్లోని పాత చీరలన్నీ రంగువి, చీకిపోయినవి. గూట్లో ఆ ఏడాది తీగ, మూతలు తప్ప మరేం లేవు. ఏసమ్మ ఇంట్లో లేదు. కూతురు క్రిస్టీనా కాన్పుకని బహదూర్‌పల్లి వెళ్లి, మనవరాలికి స్నానాలు పోస్తూ అక్కడే ఉండిపోయింది. పండుగ ముందు రోజుకు వస్తానని కబురు పంపింది.

అప్పుడు సాలోమోనుకు మంచం కింది ట్రంకు గుర్తుకొచ్చింది.

అందులో ఏసమ్మ పెళ్లిచీర ఉంది. పలుచని తెల్ల పట్టుచీర, అంచున సన్నని వెండి జరీ. ఆమె తల్లి కొనిపెట్టింది. చర్చిలో ప్రమాణాలు చేసిన రోజున కట్టింది, తర్వాత ఎన్నడూ కట్టలేదు. ఏటా వానలు వెలిసాక దాన్ని బయటికి తీసి, ఎండ నేరుగా తగలకుండా దండెం మీద ఆరవేసి, వేపాకు మార్చి, పాత మడత పడిన చోట పడకుండా వేరే మడత వేసి మళ్లీ లోపల పెట్టేది. ఒకే మడత మీద ఉంచితే పట్టు అక్కడ చిట్లుతుందని ఆమె తల్లి చెప్పిన జాగ్రత్త. సాలోమోను ఈ తంతును ఏళ్ల తరబడి చూశాడు. కట్టని చీరకు ఇంత చాకిరీ ఎందుకని మనసులో నవ్వుకున్నాడు కూడా. ఎందుకు అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

అడిగి ఉంటే ఆమె చెప్పేదా అన్నది సందేహమే. ఆ వాడలో ఆడవాళ్లకు ఒక ఆచారం ఉంది. పెళ్లినాటి తెల్లచీరను దాచుకుని, కన్నుమూశాక దాన్నే కట్టించుకుని శవపేటికలో పడుకుంటారు. పెళ్లికి కట్టిన బట్టలోనే ప్రభువును చేరాలని వాళ్ల కోరిక. ఏసమ్మ తల్లి అలాగే వెళ్లింది, అమ్మమ్మ అలాగే వెళ్లింది. ఇది తల్లి కూతురికి చెప్పే మాట. చావుబట్ట గురించి మగవాళ్ల ముందు మాట్లాడరు. మృతదేహానికి స్నానం చేయించి, చీర కట్టి, పేటికలో పడుకోబెట్టేది ఆడవాళ్లు. మగవాళ్లు వాకిట్లో కూర్చుంటారు. లోపలికి పిలిచేసరికి మెడ వరకూ పూలు ఉంటాయి. సాలోమోను అత్తగారిని సమాధిలోకి దించిన నలుగురిలో ఒకడు. పూల కింద తెలుపు కనిపించే ఉంటుంది. అది చర్చి వాళ్లు కప్పే తెల్లగుడ్డ అనుకున్నాడు.

తూంకుంట చౌరస్తాలో ఫోను బూత్ ఉంది. ఆయన ఆ దారిన పోతూ ఒకసారి ఆగాడని తర్వాత తానే చెప్పుకున్నాడు. కాన్పు ఇంట్లో పరేషాన్‌లో ఉన్న ఆడమనిషిని పాత చీర కోసం ఫోను దగ్గరికి పిలవడం ఏమిటనుకుని ముందుకు సాగాడట. లోపల ఇంకొక ఆశ కూడా ఉంది. ఇన్నేళ్లు చీకట్లో పడి ఉన్న చీర వెలుగై, చర్చి మీద, ఊరందరి కళ్ల ముందు నిలిస్తే ఆమె సంతోషిస్తుందని ఆయన నిజంగానే నమ్మాడు. తన సంతోషాన్నే ఆమె సంతోషమని అనుకోవడం ఆయనకు అలవాటు. ఆ అలవాటును ఏసమ్మ కూడా ఎన్నడూ సరిదిద్దలేదు.

చీరను నేల మీద పరిచి, వెదురు బద్దల చట్రాన్ని దాని మీద పెట్టి, బొగ్గుతో గీసి కత్తిరించాడు. జరీ అంచు వృథా కాకుండా కోణాల చివర్లకు వచ్చేలా లెక్క చూసుకున్నాడు. మైదా జిగురుతో అతికించి, గాలికి ఊడకుండా తీగతో కుట్టాడు. మూతల గొలుసులు గుడ్డకే గుచ్చాడు. ఆయన చేసిన చుక్కలన్నిటిలో అది మేలైనదని ఒప్పుకోవలసిందే. ఏ కోణమూ కుంటలేదు. బల్బు నడుమనే నిలిచింది. పట్టులోంచి వచ్చిన వెలుగు కాగితంలోంచి వచ్చే వెలుగులా చెదరలేదు, పాలలా నిలకడగా ఉంది. గడ మీదికి ఎత్తిన రోజునే గిడియోన్ వచ్చి చాలాసేపు తలెత్తి చూసి, ఇక దుకాణం మాట ఎత్తనని, వచ్చే ఏడూ ఆ పై ఏడూ చుక్క పెద్దబాపుదేనని అందరి ముందూ చెప్పాడు. సాలోమోను కోరింది ఆయనకు దక్కింది.

ఏసమ్మ పండుగ ముందు రోజు సాయంత్రం మేడ్చల్ మీదుగా ఆటోలో వచ్చి చర్చి దగ్గర దిగింది. అప్పుడే దీపం వేశారు. సాలోమోను ఆమె చేతిలోని సంచి అందుకుని పైకి చూపించాడు. ఆమె చూసింది. ప్రయాణపు అలసట ఉన్నా ముఖం విప్పారింది.

“గీసారి మస్తుగొచ్చింది” అంది. “పాలోలె ఉన్నది.”

ఆ మాట ఆయన జీవితాంతం మోశాడు. ఎందుకంటే తర్వాతి క్షణంలో గాలికి చుక్క కాస్త తిరిగింది, కోణం చివర వెండి అంచు మెరిసింది. ఆమె ఇంకొంచెం దగ్గరికి నడిచి, చేయి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత ఆయన చేతిలోంచి సంచి తీసుకుని ఇంటికి నడిచింది. ఆయన వెనకే వెళ్లేసరికి ట్రంకు తెరిచి ఉంది. వేపాకు నేల మీద ఉంది.

“ఉత్తగ పడున్నది గదా అని తీసిన” అన్నాడు సాలోమోను.

“ఉత్తగ పడిలేదు” అంది ఏసమ్మ. “నా కోసం ఉన్నది.”

ఆయనకు అర్థం కాలేదు. ఎన్నడూ కట్టలేదు గదా అన్నాడు. ఆమె గొంతు పెంచకుండానే అడిగింది.

“మా అమ్మను ఏ సీరల పండవెట్టిన్రో నువ్వు సూడలేదా?”

వాకిట్లో క్యారల్స్ పాడే పిల్లలు వచ్చారు. ఏసమ్మ లేచి, వాళ్లకు బెల్లం వేసిన మరమరాలు పంచింది. మరుసటి రోజు రంగుచీర కట్టుకుని ఆరాధనకు వెళ్లింది. లోపలికి పోయేటప్పుడు గాని బయటికి వచ్చేటప్పుడు గాని తలెత్తలేదు.

ఏ వస్తువు దేనికి పనికొస్తుందో సాలోమోనుకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. కాని దాచడం కూడా ఒక వాడకమేనని ఆయనకు తోచలేదు. ఆమె ఆ చీరను ఏటా వాడుతూనే ఉంది. మడత మార్చిన ప్రతిసారీ తన తల్లి పోయిన దారిని ఒకసారి తడిమి చూసుకుంటూ ఉంది. కంటికి కనిపించే పనినే పని అనుకునేవాడికి, అలాంటి వస్తువు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. మనలో చాలామంది మనుషుల విషయంలో కూడా ఇదే పొరపాటు చేస్తాం. సాలోమోను ఒక చీర విషయంలో చేశాడు.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చుక్కను దించాడు. తీగ విప్పి, జిగురు నానబెట్టి, ముక్కలన్నీ విడదీసి చీరను మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. క్రీస్తు శ్రమలను తలుచుకునే శ్రమల కాలం అంతా, ఈస్టరు దగ్గరపడే దాకా, పని నుంచి వచ్చాక అదే పని. అంచుకు అంచు కలిపాడు, కుట్టు కనపడకుండా లోపలికి మలిచాడు. తీగ తుప్పు మరకలు పోలేదు. మూతలు గుచ్చిన చోట రంధ్రాలు మిగిలాయి. బొగ్గు గీతలు బూడిద రంగులో నిలిచాయి. ఒకనాడు దాన్ని మడిచి రెండు చేతులా పట్టుకుని ఏసమ్మ దగ్గరికి తెచ్చాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, ఒక కుట్టు మీద వేలు నడిపింది. పనితనాన్ని గమనించినట్టే ఉంది.

“ఇది సుక్క” అంది. “సీర గాదు ఇగ.”

మళ్లీ చేట చేతిలోకి తీసుకుంది. ఆమె ఆయనను తిట్టలేదు, అన్నం పెట్టడం మానలేదు, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మారింది ఒక్కటే. గూట్లో ఏదీ కనిపించలేదు. తోటల పని పోయాక ఆమె లేఅవుట్ ఇళ్లలో పనికి కుదిరింది. అక్కడ తీగలకూ కాగితాలకూ కొదవ లేదు. కాని ఏదీ కొంగున కట్టుకు రాలేదు. సాలోమోను సాయంత్రాలు అలవాటు చొప్పున గూట్లోకి చూసేవాడు. ఒకసారి దీపం బుడ్డి ఉండేది, ఒకసారి అదీ ఉండేది కాదు.

కొత్త తెల్లచీర కొందామని ఆయన ఒకనాడు మేడ్చల్ వెళ్లాడు. బట్టల దుకాణం ముందు నిలబడి, అద్దం వెనక బొమ్మకు కట్టిన చీరను చూసి, లోపలికి పోకుండా తిరిగి వచ్చాడు. కొన్నది ఆమె పెళ్లికి కట్టినది కాదు గదా అని క్రిస్టీనాతో అన్నాడట. అది నిజమే. కాని కొని ఆమె ముందు పెడితే ఆమె ఏమంటుందోనన్న భయం కూడా నిజమే. రెండు నిజాల్లో మనిషి తనకు మర్యాదగా ఉన్నదాన్ని పైకి చెబుతాడు.

ఆ తర్వాత కూడా చుక్కలు ఆయనే చేశాడు. సంఘం వదలలేదు. అయితే గుడ్డ కొని చేశాడు, కాగితం కొని చేశాడు. మూతలు, ఫిల్ములు, టేపు తోకలు మానేశాడు. పెద్దబాపు పని ఇప్పుడు శుభ్రంగా ఉందని గిడియోన్ మెచ్చుకున్నాడు. నిజానికి అవి ఏ దుకాణంలోనైనా దొరికేలాంటి చుక్కలు. పెదవి విరిచింది పిల్లలొక్కరే. ఎముకలు లేని చుక్కను చూసేదేముందని.

రెండువేల ఆరులో, వానలు మొదలైన రోజుల్లో ఏసమ్మకు జ్వరం వచ్చి తగ్గలేదు. ఆమె కన్నుమూసిన ఉదయం వాడలోని ఆడవాళ్లు లోపల, మగవాళ్లు వాకిట్లో చేరారు. శవాలకు స్నానం చేయించే పెద్ద దిక్కు బుచ్చమ్మ. ఆమె తలుపు దగ్గరికి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అందరి ముందూ అడిగింది.

“పెండ్లి సీరేది, సాలోమోనన్నా?”

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. ట్రంకులోంచి తాను అతికిన చీరను తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. బుచ్చమ్మ దాన్ని విప్పలేదు. మడత మీదనే అరచేయి ఉంచి నిలబడింది.

“ఇది వద్దన్నది” అంది మెల్లగా. “ముందుగాలనే నాకు జెప్పిపెట్టింది. ఆయన తెస్తడు, తెస్తే తీస్కోకు, అది ఆయనకే ఉండనియ్యి అన్నది.”

ఆమె తిరిగి ఇచ్చింది, ఆయన తీసుకున్నాడు. క్రిస్టీనా భర్త మేడ్చల్ వెళ్లి కొత్త తెల్లచీర తెచ్చాడు. మగవాళ్లను లోపలికి పిలిచినప్పుడు, ఈసారి సాలోమోను పూలను కొంచెం పక్కకు జరిపి కింద ఏముందో చూశాడు. చీర మీద దుకాణం గంజి బిరుసు ఇంకా ఉంది. ఆమె ఒంటికి అది అలవాటు పడలేదు.

ఏసమ్మ ఆ మాట ఎందుకు చెప్పిపెట్టిందో ఆయనకు చివరి దాకా తేలలేదు. క్షమించి, తన గుర్తుగా ఒకటి ఆయనకు మిగిల్చిందా? లేక నువ్వు చేసినదాన్ని నువ్వే చూసుకుంటూ ఉండమన్నదా? క్రిస్టీనా మొదటిదే అంటుంది. బుచ్చమ్మ ఏమీ అనదు. ఏసమ్మ బతికుండగా ఒక మాట అడగని మనిషికి, పోయాక జవాబు ఎలా దొరుకుతుంది?

ఆ ఏడు చుక్క గిడియోన్ కొని తెచ్చాడు. ఎర్రటి ప్లాస్టిక్ చుక్క, వానకు చినగదు.

మరుసటి ఏడు, వానలు వెలిసి చలి మొదలైన ఒక మధ్యాహ్నం, సీతామహాలక్ష్మి తూంకుంట నుంచి వచ్చింది. ఆమె మనవరాలు సహస్ర చదివే బడిలో క్రిస్మస్ నాటకమట, పిల్లకు దేవదూత వేషమట. రెక్కలకు తీగ, మెరిసేదేదైనా ఉంటే ఇవ్వమని అడిగింది. ఇన్నేళ్లలో ఆమె తీసుకెళ్లడానికి రావడం అదే మొదటిసారి. సాలోమోను అటక మీది సంచి దించి, తీగ, సాపు చేసిన మూతలు, మిగిలిన తళుకుల జిగినీ అంతా ఆమె ముందు పోశాడు. ఏదీ దాచుకోలేదు. ఆమె సంచి నింపుకుని లేస్తూ వాకిలి పక్క నీడలో దండెం వైపు చూసింది.

“ఆ తెల్లగుడ్డ కూడా ఇస్తే గౌనుకి సరిపోతుందండీ” అంది. “అతుకులు పడిపోయింది కదా, ఎలాగూ పాతదే.”

సాలోమోను దాని వైపు చూశాడు.

“లేదమ్మా” అన్నాడు. “అది వాడుకల ఉన్నది.”

ఆమెకు విచిత్రంగా అనిపించినా మరోసారి అడగలేదు. ఆమె వెళ్లాక ఆయన దండెం దగ్గరికి నడిచి, చీరను తీసి, దులిపి, మంచం మీద పరిచాడు. కిందటేడు మడత పడిన గీతను వేలితో వెతికి పట్టుకుని, అక్కడ పడకుండా మరోచోట మడత వేశాడు.